ఆరో వరుస నుంచి పదకొండో వరుస దాకా

జూలై పదకొండో తేదీ, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. జగదల్‌పూర్‌లో వాన పడుతోంది. రాయపూర్ నుంచి రావలసిన విమానం ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఆగింది. ప్రయాణికులు దిగిపోయాక కేబిన్ అమ్మాయి మెట్ల మీదే నిలబడి నాతో అంది:

"మేడమ్, పొద్దున బయల్దేరే ముందు చీకట్లో చూశాను. నేల పట్టీ ఆరో వరుస నుంచి పదకొండో వరుస దాకా సరిగా వెలగడం లేదు."

అప్పటికి నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా విమానాల్లో కరెంటు పని చేస్తున్నాను. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో నా మీద ఒక్క మెమో లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పనికి ఇదే కారణం కాబట్టి ముందే చెబుతున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు నేల పట్టీ సంగతి తెలుసు. తెలియనివారి కోసం రెండు మాటలు. విమానంలో నడవకు రెండు వైపులా, నేల మీద, ఒక పల్చని పట్టీ ఉంటుంది. దానికి వైరు లేదు, బల్బు లేదు. కేబిన్ దీపాలు వెలుగుతున్నంతసేపూ ఆ వెలుతురును తాగుతుంది. దీపాలన్నీ ఆరిపోయినప్పుడు తాగినదాన్ని పచ్చగా బయటికి వదులుతుంది. కేబిన్ నిండా పొగ కమ్మితే మనిషి మోకాళ్ళ మీద పాకుతూ ఆ పచ్చని గీతను పట్టుకుని తలుపు దాకా వెళ్ళాలి. ఆ సమయానికి మరో దారి చూపేది ఉండదు. అందుకే మధ్యలో ఆరు వరుసలు మసకబారాయనగానే లాగ్ పుస్తకంలో లోపంగా రాశాను.

ఆ లోపంతో విమానం కొన్ని షరతుల మీద పది రోజులు తిరగవచ్చు. పన్నెండో తేదీ నుంచి ఇరవై ఒకటో తేదీ దాకా. ఇరవై రెండు వచ్చేసరికి బాగుకాకపోతే కదలకూడదు. రాత్రి అది ఆగే బేస్‌లో ఇంజిన్ పనులకే మనుషులు చాలరు. మా దగ్గర మాత్రం మధ్యాహ్నం మూడు గంటలు ఊరికే నిలబడేది. అందుకని కేబిన్ శుభ్రం, కేబిన్ మరమ్మతు రెండూ మా స్టేషన్ నెత్తిన వేశారు. రోజుకు మూడు గంటలు, పది రోజులు. నా చేతిలో ఉన్నది ముప్పై గంటలు.

నాతో ఒక టెక్నీషియన్ ఉండేవాడు. కిరందూల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాడు, వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. యాభై రెండేళ్ళ మనిషి. చేయి మంచిది, నోరు ఊరుకోదు.

"ఏటండి మేడమ్, పట్టీకి జబ్బు చేస్తే దీపాలకు మందేస్తారా?" అన్నాడు పన్నెండో తేదీన, నేను పైకప్పు ట్యూబులైట్లు విప్పమనగానే.

"పట్టీ తాగేది ఆ దీపాల్నే. తాగడానికి లేకపోతే వెలగదు. విప్పు."

ఆరు నుంచి పదకొండు వరుసల పైన నాలుగు ట్యూబుల చివర్లు నల్లబడి ఉన్నాయి. ఇళ్ళలో ట్యూబులైటుకు ఉన్నట్టే వీటికీ చోకులుంటాయి. వాటిలో రెండు వేడెక్కుతున్నాయి. నాలుగు ట్యూబులూ రెండు చోకులూ మార్చాం. దోషి దొరికిందని నాకు నమ్మకం కలిగింది. లాగ్ పుస్తకంలో సంతకం పెట్టి, తర్వాతి పొద్దుటి కబురు కోసం కూర్చున్నాను. పదమూడున ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బేస్ నుంచి ఫోను. ఆరు నుంచి పదకొండు, అలాగే మసక.

పద్నాలుగున వెలుతురు కొలిచే మీటరు పట్టుకుని పద్దెనిమిది వరుసల దగ్గరా కొలిచాను. ఆరు నుంచి పదకొండు దాకా అంకెలు మిగతా వరుసలతో సమానం. అంటే దీపాలది తప్పు కాదు. నేను మార్చిన ట్యూబులూ చోకులూ ఇంకొంతకాలం పనిచేసేవే. పదిహేనున, పొద్దున బయల్దేరే ముందు కేబిన్ దీపాలు ఇరవై నిమిషాలకు బదులు నలభై నిమిషాలు వేసి ఉంచమని బేస్‌కు చెప్పాను. కొద్దిగా మెరుగైందన్నారు, గంటలోనే మళ్ళీ మసకబారిందన్నారు. ఆరు రోజులు మిగిలాయి. తినడానికి కూర్చుంటే పళ్ళెం పక్కన కాగితం మీద మిగిలిన గంటలు లెక్కేసుకునేదాన్ని. స్టేషన్ మేనేజరు రాయపూర్ మనిషి, హిందీలో మాట్లాడేవాడు. నేను కనబడితే చాలు, వేళ్ళు చూపించేవాడు. ఆ రోజు ఆరు వేళ్ళు.

పదహారో తేదీ మంగళవారం. పట్టీని చీకట్లో నా కళ్ళతో నేనే చూడాలనుకున్నాను. మాది పగటి విమానాశ్రయం, చీకటి కావాలంటే చేసుకోవాలి. కిటికీ తెరలు దించి, వాటి మీద దుప్పట్లు కట్టించి, తలుపు సందుల్లో బట్టలు కుక్కించాను. దీపాలు ముప్పై నిమిషాలు వేసి ఉంచి, ఒంటిగంట పదికి అన్నీ ఆర్పేశాం. చల్లగాలి కూడా ఆగిపోయింది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది. టెక్నీషియనూ నేనూ నడవలో నేల మీద కూర్చున్నాం.

"ఇంకో పావుగంట ఇలాగే ఉంటే పట్టీ అక్కర్లేదు మేడమ్, మనమే వెలుగుతాం" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మాట్లాడకు. చూడు."

ఐదో వరుస దాకా పచ్చగా, తేటగా వెలుగుతోంది. పన్నెండు నుంచి వెనక్కి కూడా అంతే. మధ్యలో మసక. కాని దగ్గరికి పాకి చూస్తే ఆ మసక ఒక్క తీరుగా లేదు. ఒకచోట దట్టం, ఒకచోట పల్చన. గుండ్రంగా, అర్ధచంద్రాల్లా, ఒకదాని పక్కన ఒకటి. దీపం తక్కువైతే మసక సమంగా రావాలి. గుండ్రంగా వచ్చిందంటే అది మనిషి చెయ్యి. ఎవరో గుడ్డతో తుడిచిన చెయ్యి.

పట్టీ మీది ప్లాస్టిక్ కవరును వేలితో రుద్దాను. జిగట. వేలు వాసన చూశాను. బస్తర్‌లో రెండేళ్ళున్న ఎవరికైనా ఆ వాసన తెలుస్తుంది. ఇప్పనూనె.

మా కేబిన్ శుభ్రం చేసేవాళ్ళు నలుగురు. వాళ్ళకు పెద్ద ఒక ముప్పై ఏళ్ళ మనిషి. తెలంగాణ సరిహద్దు దగ్గరి తర్లగూడకు ఇవతలి పల్లె, దోర్ల తెగ మనిషి, తెలుగు ఇంటి భాష. ఆమెతో తెలుగులో మాట్లాడటం నాకు ఆ ఊళ్ళో ఉన్న కొద్దిపాటి సుఖాల్లో ఒకటి. మాటకు మాట చెప్పేది. సీట్ల కింద తెల్లగుడ్డ పెట్టి దుమ్ము చూస్తానని నన్ను ఏడిపించేది: "మా అత్త గూడ గిట్ల వేలు పెట్టి చూడదమ్మా." ఇద్దరు ఆడపిల్లల్ని జగదల్‌పూర్ బడిలో చేర్పించి, ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. విమానం దగ్గరికి రావడానికి గేటు పాసు కావాలి. దానికి పోలీసు వెరిఫికేషన్ కావాలి. ఆమె ఊరు అడవి లోపలి ఊరు, నక్సలైట్లు తిరిగే వైపు కాబట్టి ఆమె పాసుకు ఏడు నెలలు పట్టింది. ఆ పాసు లేకపోతే ఆమెకు ఆ పని లేదు, ఆ గది లేదు. ఇది నాకు తెలుసు. అందరికీ తెలుసు.

దుప్పట్లు తీయించి, ఆమెను పిలిపించాను.

"ఈ పట్టీల మీద ఏం రాశావు?"

"ఇప్పనూనె అమ్మా." దాచలేదు. దాచవలసినది ఉందని ఆమెకు తెలియదు. "సబ్బు పెట్టి రుద్దితే ఎర్రమట్టి పోలే. గీతల్ల ఇరుక్కుంది. ఇంట్ల గొడ్డలి కామకు, తలుపుకు ఇదే రాస్తం. మట్టి లేసొస్తది, మళ్ల అంటదు. ఏంది, ఏమన్న అయిందా?"

"ఆరో వరుస నుంచి పదకొండు దాకానే ఎందుకు రాశావు?"

"మీరు వేలు పెట్టి చూపిచ్చింది ఆరు కాడ గద. ఆడికెల్లి మొదలుపెట్టిన. పదకొండు కాడ సీసా అయిపోయింది."

టెక్నీషియన్ నవ్వబోయి ఆగాడు. నాకు నవ్వు రాలేదు. ఆమె చెప్పేది నాకు అప్పుడే గుర్తొచ్చింది, మొత్తం గుర్తొచ్చింది.

జూలై మూడో తేదీ, బుధవారం, ఒంటిగంట యాభై. వానల వల్ల ప్రయాణికుల చెప్పులకు ఎర్రమట్టి. ఆరో వరుస దగ్గర పట్టీ మీద మరక చూపించి నేను కసిరాను. ఆమె అంది: "శుభ్రం జేసే మందు డబ్బా అయిపోయి నెలైందమ్మా. స్టోర్సోళ్ళు పంపలే." నేను అన్న మాటలు ఇవి: "అది స్టోర్స్ వాళ్ళ పని. రేపటికి ఈ ఎరుపు కనిపించకూడదు. ఎట్లా పోగొడతావో నాకు తెలియదు." నాలుగో తేదీన ఎరుపు లేదు. తెల్లగుడ్డతో తుడిచి చూసి, "ఇలా ఉండాలి" అని మెచ్చుకున్నాను. గుడ్డకు జిడ్డు అంటిందా? అంటే ఉండాలి. నేను వెతికింది ఎరుపు కోసం, జిడ్డు కోసం కాదు.

"మీరే అన్నరు గదమ్మా" అంది ఆమె, మెల్లగా. నా మొహం చూసి అప్పుడు భయపడింది.

తుడిస్తే పోతుందేమోనని గంటసేపు చూశాం. పైన ఉన్నది పోయింది. నూనె కవర్ల అతుకుల్లోంచి లోపలికి దిగి, దుమ్ము పట్టి, పట్టీకే అంటుకుంది. ఆరు వరుసలు, రెండు వైపులు, పన్నెండు ముక్కలు. అన్నీ మార్చాలి. ఆ సాయంత్రమే సామాను కోరుతూ కబురు పంపాను. ఇరవై రెండు మధ్యాహ్నానికి గాని రాదన్నారు. పది రోజుల గడువుకు ఒక పూట తరువాత.

విమానం ఒక రోజు ఆగుతుందని తేలగానే పై ఆఫీసు నివేదిక అడిగింది. పదిహేడున, బుధవారం, పది గంటలకు రాయడానికి కూర్చున్నాను. నివేదిక రాయడం నాకు కష్టం కాదు. ఏ రోజు ఏం కొలిచాను, ఏ అంకె వచ్చింది, ఏ పరీక్ష ఎందుకు తప్పుదారి పట్టించింది, చీకటి పరీక్ష ఎలా చేశాం, మసక ఏ ఆకారంలో కనిపించింది, ఏ నూనె, ఎవరు రాశారు, ఎన్ని వరుసలు. నాలుగు పేజీలు. అన్నీ నిజం.

మూడో పేజీలో ఒక గడి ఉంది: 'ఎవరి ఆదేశంతో'.

దాని ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చాను. మళ్ళీ కడుక్కున్నాను. 'నూనె' అంటే చిన్న మాట. 'అనుమతి లేని పదార్థం వాడటానికి దారితీసిన ఆదేశం' అంటే లైసెన్సు ఆపేయవచ్చు. ముప్పై ఒక్క ఏళ్ళు, పద్నాలుగు నెలలు. ఈ రెండు అంకెలు తప్ప నాకు వేరే ఏదీ కనిపించలేదు. ఇప్పనూనె వాడమని నేను చెప్పలేదు కదా అనుకున్నాను. అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని ఆ గడిలో అడ్డంగా ఒక చిన్న గీత పెట్టాను. వర్తించదు, అని దాని అర్థం.

రెండో సంతకం టెక్నీషియన్‌ది. అతను నాలుగు పేజీలూ చదివాడు. మూడో పేజీ రెండుసార్లు.

"మేడమ్, గడి ఖాళీగా వదిలితే సంతకం పెట్టనని మాకు రోజూ చెప్తారు కదండి. గీత పెడితే ఖాళీ కాదన్నమాట."

"నీకు అభ్యంతరముంటే పెట్టకు."

"నాకూ పిల్లలున్నారండి" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఐదు రోజులు పని మాట తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు.

పందొమ్మిదో తేదీ శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు ఆమె పాసు తీసుకున్నారు. మేనేజరు గదిలో ఆమెకు నివేదిక హిందీలో చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారట. ఆమె అక్కణ్ణుంచి నేరుగా నా షెడ్డు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు, రావడానికి ఇక పాసు లేదు. కంచె అవతల నిలబడింది.

"నేను చేసింది రాసినరు. మంచిగనే రాసినరమ్మా, ఒక్క అబద్ధం లేదు" అంది. "'కిస్కే కహనే పర్', ఎవలు చెప్తె చేసినవ్ అని అడిగిన కాడ గీత ఉందట. ఆడ మీ పేరుండాలె గద?"

"చూస్తాను" అన్నాను.

"ఏం చూస్తరు?"

నేను బల్ల మీది పనిముట్లు సర్దాను. ఆమె, "ఏడు నెలలు తిరిగినమ్మా ఈ కార్డు కోసం. ఠాణా, తహసీల్, మళ్ల ఠాణా. మీకు గీత గీయనీకి ఎంతసేపు పట్టింది?" అని వెళ్ళిపోయింది.

నలభై నిమిషాలు పట్టింది. ఆమెకు చెప్పలేదు.

ఇరవై, ఇరవై ఒకటి గడిచాయి. నేను చేసిందేమీ లేదు. పట్టీ లెక్కలు మళ్ళీ సరిచూసుకున్నాను, అంతే. ఇరవై రెండు, సోమవారం, విమానం బేస్‌లో నిలిచిపోయింది. ఆ పొద్దున తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు పై ఆఫీసులో నాణ్యత చూసే అధికారి ఫోను చేశాడు. కోపంగా ఉంటాడనుకుని నిలబడి ఎత్తాను.

"మేడమ్, మీ నివేదిక అద్భుతంగా ఉంది. ఒక్క గడి కూడా వదల్లేదు. కొత్తగా చేరేవాళ్ళకు ఇలా రాయాలని చూపించడానికి అన్ని స్టేషన్లకూ పంపిస్తున్నాం. మీకేం అభ్యంతరం లేదు కదా?"

నేను కుర్చీలో కూర్చున్నాను. అభ్యంతరం లేదనుకుని ఆయన పెట్టేశాడు.

మెమో వస్తుందన్న భయాన్ని నేను ఆరు రోజులు మోశాను. ఇది దానికంటే బరువైంది. నా గీతను చూసి ఎవరో ఒక పిల్ల, మొదటి ఉద్యోగంలో, ఓహో ఇలా కూడా పెట్టవచ్చు అనుకుంటుంది. తొమ్మిది గంటల నలభైకి సవరణ రాశాను. నాలుగు వాక్యాలు: 'జూలై మూడున మధ్యాహ్నం ఒంటిగంట యాభైకి మరకను ఎలాగైనా పోగొట్టమని నేను చెప్పాను. అనుమతి ఉన్న శుభ్రపరిచే ద్రవం లేదని ఆమె నాతో చెప్పింది. నాలుగున ఫలితం చూసి నేను మెచ్చుకున్నాను. మూడో పేజీలోని గడిలో నా పేరు ఉండాలి.' టెక్నీషియన్‌కు చూపించాను. చదివి, "టీ తాగుతారాండి?" అన్నాడు. నేరుగా మేనేజరు చేతికిచ్చాను. ఆయన హిందీలో, "మేడమ్, ఇప్పుడెందుకు?" అన్నాడు. నకలు మీద అందినట్టు సంతకం అడిగాను.

సవరణకు జవాబు పందొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు పదిన వచ్చింది. ఒక పేజీ హెచ్చరిక. ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను. అంతే. దేనికైతే నేను వణికానో అది ఒక పేజీ, పదకొండు వరుసలు. పాసు సంగతి అడిగాను. రద్దు చేసిన పాసును తిరిగి ఇవ్వరట, కొత్తగా పెట్టుకోవాలట, వెరిఫికేషన్ మొదటి నుంచి. శుభ్రం పని కాంట్రాక్టరు అప్పటికే ఆ చోట్లో వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఆగస్టు ముప్పై ఒకటిన, శనివారం, బస్సెక్కి బీజాపూర్ మీదుగా భోపాల్‌పట్నం చేరి, ఆదివారం పొద్దున ఆమె ఊరు వెళ్ళాను. హెచ్చరిక కాగితం నకలు, సవరణ నకలు, పాసుకు కొత్త దరఖాస్తు నా సంచిలో ఉన్నాయి. ఆమె మోకాళ్ళ దాకా నీళ్ళలో వరి కలుపు తీస్తోంది. గట్టు మీదికి వచ్చి కాగితాలు తడి చేత్తో తీసుకోకుండా, నన్నే పట్టుకోమని, వంగి చూసింది.

"ఇది ఏంది?"

"నా పేరు రాశాను. ఇది చూపించి మళ్ళీ పాసు పెట్టుకోవచ్చు."

"ఏ తారీఖున రాసినరు?"

"జూలై ఇరవై రెండు."

వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "నా కార్డు పోయినంక మూడు దినాలకు."

"అవును."

"మళ్ల ఏడు నెలలు ఎవలు తిరుగుతరమ్మా? పొలం ఎవలు చూస్తరు?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. దరఖాస్తు నా చేతిలోనే ఉండిపోయింది. పెద్దపిల్ల ఇంట్లోనే ఉంది. జూలై ఆఖరున గది ఖాళీ చేశారట. రేపు సోమవారం ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో చేర్పిస్తానంది. ఆరో తరగతి. చిన్నది అమ్మమ్మ దగ్గర. నాకు అన్నం పెట్టింది. తిన్నాను. బస్సు దాకా వచ్చి, "తెల్లగుడ్డ ఇంకా ఉందా?" అంది. నవ్విందో లేదో నాకు తెలియలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒకటే. నా నివేదిక జూలై ఇరవై రెండు మధ్యాహ్నమే అన్ని స్టేషన్లకూ వెళ్ళిపోయింది. సవరణను ఎవరూ ఎక్కడికీ పంపలేదు. దాన్ని కూడా పంపమని నేను మూడుసార్లు రాశాను. రిటైరైన రోజున కూడా శిక్షణ ఫైల్లో మొదటిదే ఉంది. మీలో కొందరికి అది చూపించే ఉంటారు: నాలుగు పేజీలు, చక్కని చేతిరాత, చీకటి పరీక్ష బొమ్మతో సహా. చీకటి పరీక్ష నేర్చుకోండి, అది సరైనదే. మూడో పేజీలో గీత ఉన్న చోట ఒక పేరు ఉండాలని గుర్తుపెట్టుకోండి.

పోయినవి ఇవి. నేల పట్టీ పన్నెండు ముక్కలు, కవర్లు పన్నెండు. ఇంకా పనిచేసే ట్యూబులు నాలుగు, చోకులు రెండు. విమానం ఒక రోజు, ప్రయాణాలు నాలుగు. గేటు పాసు ఒకటి, దాని కోసం తిరిగిన నెలలు ఏడు. జగదల్‌పూర్‌లో ఒక గది. ఆరో తరగతి పిల్లకు బడి దినాలు, ఆదివారాలూ సెలవులూ తీసేస్తే, ఇరవై నాలుగు. నా వైపు నుంచి ఏమీ పోలేదు.